గోరు మూలను తవ్వకండి

చింతామణి మార్కెట్లో టొమాటో బాక్సంటే 15 కిలోలు. లారీకి ఎక్కించేటప్పుడు అది జారి కాలి బొటనవేలి మీద పడితే హమాలీ ఆ పూటకు పళ్లబిగువున ఓర్చుకుని మర్నాడు మళ్లీ పనికొస్తాడు. కొన్నాళ్లకు గోరు నల్లబడి ఊడిపోతుంది. కొత్తగా వచ్చే గోరు ఒక్కోసారి వంకరగా పెరిగి, అంచు పక్క కండలోకి దిగుతుంది. శిడ్లఘట్ట, చింతామణి రీలింగ్ షెడ్లలో పట్టు తీసేవాళ్లకు దెబ్బ కూడా తగలక్కర్లేదు. పొద్దస్తమానం తడినేల మీద నిలబడితే గోరు పక్క చర్మం నాని మెత్తబడుతుంది, అంచు సులువుగా గుచ్చుకుంటుంది. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి చుట్టుపక్కల క్వారీల్లో పనిచేసేవాళ్లకూ, బెంగళూరు పోయి సెక్యూరిటీ డ్యూటీ చేసే పిల్లలకూ ఇదే బాధ ఇరుకు బూట్ల వల్ల వస్తుంది.

ఎలా మొదలైనా దీన్ని ముదరబెట్టేది ఎక్కువగా మన చేతిలోని బ్లేడే. నొప్పి పెడుతున్న మూలను లోపలికంటా కోసేస్తాం. ఒత్తే ముక్క పోయింది గనుక రెండు మూడు రోజులు హాయిగా ఉంటుంది. కానీ కంటికి కనబడనంత లోతున సన్నని చీలిక మిగిలిపోతుంది. గోరు పెరిగేకొద్దీ అది ముల్లులా ముందుకు పొడుచుకొస్తుంది. మూల లేకపోయేసరికి పక్క చర్మం ఉబ్బి ఆ ఖాళీలోకి వస్తుంది, ముల్లు సరిగ్గా అందులోనే దిగుతుంది. మళ్లీ బ్లేడు, ఈసారి ఇంకాస్త లోతుగా. ఇలా ఏళ్ల తరబడి కుంటుతూ పనిచేసేవాళ్లున్నారు.

స్నానం చేశాక గోరు మెత్తగా ఉంటుంది. అప్పుడు నెయిల్ కట్టర్‌తో అడ్డంగా, నేరుగా కత్తిరించండి. రెండు మూలలూ చర్మం దాటి బయటికి కనబడాలి. చేతిగోళ్లలాగా గుండ్రంగా తీయడం కాలికి పనికిరాదు.

వేలి పక్క ఎర్రబడి నొక్కితే నొప్పి ఉందిగానీ చీము పట్టలేదంటే ఇంట్లోనే చూసుకోవచ్చు. గోరువెచ్చని ఉప్పునీళ్లలో పావుగంట సేపు, రోజుకు రెండు మూడు సార్లు పాదం పెట్టి, వేళ్ల సందులతో సహా పొడిగా తుడవండి. పక్క చర్మాన్ని గోరు నుంచి మెల్లగా అవతలికి ఒత్తండి. వీలైతే శుభ్రమైన దూదిని సన్నని పోగుగా చేసి గోరు అంచు కింద పెట్టి రోజూ మార్చండి. తగ్గేదాకా ముందు తెరుచుకున్న చెప్పులే వేసుకోండి. వేలికి నిమ్మకాయ తొడగడం, సున్నం బెల్లం పట్టు వేయడం మన పెద్దల అలవాటే. కానీ చర్మం తెగినచోట సున్నం కాలుస్తుంది, దిగిన అంచును ఏదీ బయటికి తీయలేదు.

చీము పట్టినా, పక్కన ఎర్రటి కండ లేచి ముట్టుకుంటే నెత్తురొస్తున్నా, రాత్రి సలుపుకు నిద్ర పట్టకపోయినా తాలూకా ఆస్పత్రికో చిక్కబళ్ళాపురం జిల్లా ఆస్పత్రికో పోండి. ఎరుపు పాదం మీదికి పాకినా, జ్వరం వచ్చినా ఆ రోజే పోవాలి. షుగర్ ఉన్నవాళ్లు పైన చెప్పిన ఇంటి వైద్యం ఏదీ చేసుకోవద్దు. పాదంలో స్పర్శ తగ్గితే పుండు లోతు తెలియదు, చిన్న గోరు గాయమే వేలు తీసేసేదాకా తీసుకుపోగలదు.

మాత్రలు మింగితే చీము తగ్గుతుంది, అంచు లోపలే ఉంటే మళ్లీ వస్తుంది. అందుకే చిన్న ఆపరేషన్ అంటారు. వేలికి మత్తు సూది వేసి, దిగిన పక్క గోరును సన్నని పేలికగా తీస్తారు. ఆ పక్క వేరుకు ఫినాల్ మందు పెడితే అక్కడ మళ్లీ గోరు పెరిగే అవకాశం బాగా తగ్గుతుంది. గోరంతా పీకేస్తే కొత్తది కూడా అలాగే దిగే ప్రమాదం ఉంది. కాబట్టి “పక్కంచు మాత్రమే తీస్తారా సార్, వేరుకు మందు పెడతారా?” అని మొహమాటపడకుండా అడగండి. ఆ రోజే నడిచి ఇంటికి రావచ్చు. ఫినాల్ పెట్టినచోట కొన్ని వారాలు రసి కారుతుంది, డ్రెస్సింగ్ మార్చుకోవాలి, తడి తగలకూడదు. రీలింగ్ పనివాళ్లు ఆ రోజుల్లో మడ్డి నీళ్లలో నిలబడే పని వద్దని, పట్టుగూళ్లు ఏరే పనో పొడి నేల మీది పనో ఇమ్మని ముందే మాట్లాడుకోవాలి.

ఫ్యాక్టరీలో నెలకు 21,000 రూపాయల లోపు జీతంతో ఈఎస్ఐ ఉంటే ఆపరేషన్ ఖర్చు మీమీద పడదు. తగినన్ని రోజుల చందా కట్టి ఉంటే, డాక్టర్ సర్టిఫికెట్ ఇచ్చిన సెలవుకు జీతంలో 70 శాతం వస్తుంది, అయితే మొదటి రెండు రోజులకు మామూలుగా ఇవ్వరు. హమాలీకి ఆ వసతి లేదు, అందుకే సీజన్ మందగించినప్పుడు చేయించుకోవడం మేలు. చీము పడితే మాత్రం సీజన్ కోసం ఆగొద్దు.

క్వారీలో రక్షణ బూట్లు యజమాని ఉచితంగా ఇవ్వాలని గని నిబంధన. ఇచ్చినప్పుడు సైజు సరిపోకపోతే అక్కడికక్కడే మార్చమనండి. పాదం ఉబ్బి ఉండే సాయంత్రం వేళ తొడిగి చూడండి. పొడుగైన వేలికి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, లోపల వేళ్లన్నీ కదలాలి.