తాటి, ఈత కల్లు: నాణ్యతకు ఆధారం చెట్టు

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల గ్రామాలలో తాటి, ఈత కల్లు సంప్రదాయ పానీయాలు. తాటిలో పూగెలల కొనలను, ఈతలో కాండపు పైభాగాన్ని గీసి రసం సేకరిస్తారు. తాజా రసంలో సుమారు 10 నుండి 12 శాతం చక్కెర ఉంటుంది. లొట్టిలోని ఈస్టు, బాక్టీరియాల వల్ల అది చెట్టుపైనే పులియనారంభిస్తుంది. లొట్టి లోపల సున్నం పూసినచో పులియుట మందగించి నీరా లభిస్తుంది. పూయనిచో కొన్ని గంటలలో సుమారు 4 నుండి 5 శాతం ఆల్కహాలు ఏర్పడి కల్లవుతుంది. ఒక దినం గడిస్తే ఎసిటిక్ ఆమ్లం పెరిగి పుల్లబడుతుంది. కనుకనే కల్లును దించిన పూటనే, చెట్టు కిందనే సేవించే అలవాటు ఏర్పడింది.

ఈ స్వభావం వల్ల కల్లు నిల్వకు, దూర రవాణాకు అనువైనది కాదు. చెట్లు తగ్గి గిరాకీ మిగిలినచోట క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, అల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలిపిన కృత్రిమ కల్లు ప్రవేశిస్తుంది. దానికి అలవాటుపడినవారు హఠాత్తుగా మానినప్పుడు వణుకు, మూర్ఛ, మతిభ్రమణం కలుగవచ్చు. అట్టివారిని వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

తనిఖీలతోపాటు చెట్ల సంఖ్య పెరగడమూ అవసరం. విస్తరణ శాస్త్రవేత్తలు గీత కార్మికులతో సంప్రదించి పొలం గట్లపై, చెరువు శిఖం అంచులలో తాటి, ఈత నాటించాలి. తాటి మొలక లోతుకు దిగుతుంది గనుక నారు మార్చి నాటుట కష్టం. టెంకలను నేరుగా నాటుట మేలు. తాటి గీతకు రావడానికి పన్నెండేళ్లకు పైగా పట్టవచ్చు. కావున ఈ పనిని వాయిదా వేయరాదు.