పాము కరిస్తే ముందు ఏ ఆసుపత్రికి?

ప్రశ్న: మాది పల్లెటూరు. పొలంలో పాము కరిస్తే దగ్గర్లోని 30 పడకల ఆసుపత్రికి వెళ్లాలా, నేరుగా జిల్లా ఆసుపత్రికా?

జవాబు: విరుగుడు మందు ఉంటే దగ్గరి ఆసుపత్రికే వెళ్లండి. మందుందా, రాత్రిపూట డాక్టరుంటారా అన్నది ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి. కరిచిన వెంటనే 108కి ఫోన్ చేయండి. ఉంగరాలు, మెట్టెలు తీసేసి, కాలు కదలకుండా ఉంచండి. తాడు బిగించడం, గాటు పెట్టడం, పసరు పోయడం వద్దు. పాము వెంటా పడొద్దు.

కరిచిన సమయం డాక్టరుకు చెప్పండి. కాస్త రక్తం గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచి చూస్తారు. గడ్డకట్టకపోతే రక్తపింజర లాంటి పాము విషం ఎక్కిందని గుర్తు. రెప్పలు వాలినా, మాట ముద్దగా వచ్చినా నాగుపాము, కట్లపాము అనుమానించాలి. అప్పుడు విరుగుడు మొదలుపెట్టి, అవసరమైతే వెంటిలేటరున్న పెద్దాసుపత్రికి పంపుతారు.