చమురు బావులకు సబ్బు నీరు

తలంటు స్నానమున ఒట్టి నీరు ఎంత పోసినను నూనె జిడ్డు వదలదు. కుంకుడు రసము తగిలినంతనే వదలును. చమురు బావులలోను ఈ సూత్రమే ఉపయోగపడుచున్నది. ఆ విధానమును ఇచట సంగ్రహముగా వివరింప దలచితిమి.

భూగర్భమున చమురు చెరువువలె నిలిచియుండదు. ఇసుకరాతి సూక్ష్మ రంధ్రములలో ఇమిడియుండును. మొదట అచటి పీడనమే దానిని పైకి నెట్టును. పీడనము తగ్గిన పిమ్మట కొన్ని బావులగుండా నీటిని ఎక్కించి, చమురును ఇతర బావులవైపు తరుముదురు. ఇంత చేసినను సాధారణముగా మూడింట ఒక వంతు చమురు మాత్రమే చేజిక్కును.

ఇందుకు రెండు కారణములు కలవు. చిక్కని చమురుకంటె నీరు పలుచన. కనుక అది సులభమైన త్రోవ పట్టి, కొన్ని భాగములను తాకనే తాకదు. తాకిన చోట సైతము చమురు బిందువులు ఇరుకు రంధ్రములలో చిక్కుకొనును. నీటికి, చమురుకు నడుమ సరిహద్దున గల తన్యత మీటరునకు సుమారు 20 నుండి 30 మిల్లీన్యూటనులు. దాని వలననే బిందువు సాగి ఇరుకు ద్వారమును దాటలేదు.

సర్ఫాక్టెంట్ అణువు ఒక కొన నీటిని, మరొక కొన నూనెను కోరును. అది సరిహద్దున నిలిచి తన్యతను తగ్గించును. అయితే స్వల్పముగా తగ్గిన చాలదు. పదివేల రెట్లకు పైగా తగ్గి, 0.001 మిల్లీన్యూటను ప్రాంతమునకు రావలెను. ఇందుకు పెట్రోలియం సల్ఫొనేటుల వంటి పదార్థములను వాడుదురు.

చిక్కేమనగా, రాతి తలములు, బంకమన్ను సర్ఫాక్టెంటును తమకు అంటించుకొనును. ఈ అధిశోషణము వలన ఖరీదైన పదార్థము చమురును చేరకమునుపే తరిగిపోవును. దీనికి విరుగుడు క్షారము. అది నష్టమును తగ్గించుటయే గాక, ముడి చమురులోని ఆమ్లములతో కలిసి అచటనే సబ్బును తయారుచేయును. నీటికి చిక్కదనము వచ్చుటకు పాలిమరును చేర్తురు.

చైనాలో 1959లో కనుగొనబడిన డాచింగ్ క్షేత్రమున ఈ మూడింటి మిశ్రమమును విస్తృతముగా వాడిరి. మన దేశమున గుజరాత్‌లోని విరాజ్ క్షేత్రమున 2002లో ప్రయోగాత్మకముగా చేపట్టిరి. కాని డాచింగ్‌లో గాఢ క్షారము వలన పంపులలో రాతివంటి పొరలు పేరుకొనెను. కావున రాతి స్వభావము, చమురు గుణము, నీటిలోని లవణములు పరీక్షించిన పిమ్మటనే మిశ్రమమును నిర్ణయింపవలెను.

మనము వాడు ముడి చమురులో ఐదింట నాలుగు వంతులకు పైగా విదేశములనుండి వచ్చుచున్నది. కొత్త బావులు త్రవ్వుట ఎంత అవసరమో, పాత బావులలో మిగిలినది తీయుటయు అంతే అవసరము. తలతన్యత పాఠమును పరీక్షకొరకే చదువు విద్యార్థులు ఈ సంగతి గమనింతురుగాక.