ఊరికి ముందేమి కావలెను?

తూర్పు కనుమల పాదమున, వేగవతీ నది యొడ్డున సాలూరు పట్టణము వెలసియున్నది. విశాఖపట్టణమునుండి రాయపూరు పోవు రహదారి ఈ పట్టణమును దాటి ఒడిశా కొండలెక్కును. పూర్వము విజయనగరం జిల్లాలో నుండిన ఈ పట్టణము 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది. 2011 జనాభా లెక్కలనాటికే ఇచట దాదాపు 50 వేలమంది నివసించుచుండిరి. సాలూరు లారీలకు పేరుపొందిన ఊరు. లారీలకు బాడీలు కట్టువారు, రంగులు వేయువారు, మెకానిక్కులు, డ్రైవర్లు, క్లీనర్లు మొదలగువారి కుటుంబములలో చక్రము తిరిగిననే పొయ్యి వెలుగును.

“మీకు ముందేమి కావలెను?” అని పురజనుల నడిగినచో ఒక్క సమాధానము రాదు. లారీ యజమాని విశాలమైన రోడ్డును, బండ్లు నిలుపుటకు స్థలమును కోరును. అద్దె యింటివాడు సొంత గూడు కోరును. ఇల్లాలు కొళాయి నీరు వేళకు రావలెననును. చింతపండు మొదలగు అడవి సరకులతో కొండ దిగివచ్చు గిరిజన స్త్రీలకు కాసింత నీడయు, మరుగుదొడ్డియు కావలెను. వీరికి పట్టణములో ఓటు లేదు; అయినను వీరి రాకపోకలవలన అంగళ్లు కళకళలాడుచున్నవి.

ఇందులో అన్యాయమైన కోరిక ఒక్కటియు లేదు. కాని పురపాలక సంఘమునకు వచ్చునది ఇంటిపన్ను, నీటిపన్ను, ప్రభుత్వ గ్రాంటులు మొదలగునవే. పదునైదవ ఆర్థిక సంఘము 2021 నుండి 2026 వరకు పది లక్షలకు లోబడిన పట్టణముల కిచ్చిన గ్రాంటులో 60 శాతమును త్రాగునీటికి, పారిశుద్ధ్యమునకే వ్యయము చేయవలెనని నియమించినది. ఢిల్లీలో చేసిన నిర్ణయమైనను ఇది తెలివిగల నిర్ణయమే.

ఏలయన, మన పట్టణములలో కొళాయి నీరు దినమునకు కొద్ది గంటలే వచ్చును. నీరు వచ్చునంతసేపు గొట్టములో ఒత్తిడి యుండును. ఆగినంతనే ఒత్తిడి తగ్గి, అతుకుల వద్దనున్న సందులగుండ బయటి తడి లోనికి చేరును. ఆ గొట్టము మురుగుకాలువ ప్రక్కగానో, అందులోనుండియో పోవుచున్నచో ఆ తడి మురుగే! మరునాడు బిందెలో పడు మొదటి నీరు దానిని మోసికొనివచ్చును. వానకాలమున వాంతులు, విరేచనములు ఒకే వీధిలో పలువురికి సోకుటకు ఇదియు నొక కారణము. కావున నీటిపనిని, మురుగుపనిని విడదీయరాదు.

రోడ్డు సంగతియు నిట్టిదే. ముందు సిమెంటు రోడ్డు వేసి, ఆరు నెలలకు గొట్టములకై దానిని త్రవ్వుట చూడని ఊరు కలదా? భూమిలోని పని ముగిసినగాని పైపని తలపెట్టరాదు.

ఇక ఇండ్లు. ఆంధ్రప్రదేశ్‌లో టిడ్కో సంస్థ పట్టణ పేదలకై 300, 365, 430 చదరపు అడుగుల ఇండ్లు కట్టించినది. గోడలు లేచి రంగులు వేసిన పిమ్మట కూడ నీరు, మురుగుకాలువ, దారి సమకూరక పలుచోట్ల అవి ఏండ్ల తరబడి తాళములతో నిలిచిపోయినవి. లబ్ధిదారుడు అద్దె యింటనే యుండెను.

ఈ క్రమము నిర్ణయింపవలసినదెవరు? బ్రెజిలు దేశములోని పోర్తో అలెగ్రె నగరము 1989లో ఒక పద్ధతి ప్రారంభించినది. పేటపేటకు సభలు కూర్చి, నగర ధనములో కొంత భాగమును ఏ పనికి వెచ్చింపవలెనో ప్రజలనే తేల్చుమనిరి. పేదల పేటలవారు కోరినవి మంచినీరు, మురుగు గొట్టములు, నడువదగిన వీధులు. బురదలో నడచువారి కా సంగతి ఇంజనీరు చెప్పనక్కరలేదు.

అయితే సభ ఏ వేళకు కూర్చుదురన్నదియు ముఖ్యమే. సాలూరులో పగలు పదునొకండు గంటలకు కార్యాలయములో సభ జరిగినచో, డ్రైవరు ఘాటీమీద నుండును, పాచిపని చేయు స్త్రీ పరుల యింట నుండును, లారీ షెడ్డులోని కుఱ్ఱవానికి సెలవు దొరకదు. రాత్రి ఏడు గంటలకు వీధి దీపము క్రింద కూర్చినచో వచ్చువారు వేరు. వారు చెప్పు మొదటి మాటయు వేరు.