పాత సోఫా

బాలబాలికలారా! ఒక వస్తువును ఇంటికి తెచ్చుకొనుట సులభము. దానిని సాగనంపుటయే కష్టము. క్రొత్త వస్తువు వచ్చిన దినమున ఇరుగుపొరుగువారు వచ్చి, చూచి, మెచ్చుకొందురు. అది పాతబడి మూలబడిన దినమున దాని మాట ఎవ్వరును తలపెట్టరు. కాలు విరిగిన మంచము, చినిగిన పరుపు, ఊగిసలాడు కుర్చీ - ఇట్టివి లేని యిల్లు అరుదు. వీనియన్నింటిలో మిక్కిలి చిక్కు తెచ్చునది సోఫా. అది పెద్దది, బరువైనది; పలు పదార్థములతో చేయబడినది. చిత్తుకాగితమువలె దానిని బుట్టలో పడవేయుటకు వీలులేదు. మా యింటి సోఫా నాకొక పాఠము నేర్పినది. ముప్పదియైదు సంవత్సరములు పిల్లలకు పాఠములు చెప్పిన నేను, ఈ పాఠమును మాత్రము ఒక పిల్లవలననే నేర్చుకొంటిని.

ఆ సోఫాను మా తండ్రిగారు 1968లో చేయించిరి. మా చిన్న పట్టణములో ఆనాడు సోఫాలమ్ము దుకాణములు లేవు. కలప కొని, వడ్రంగిని ఇంటికి పిలిపించి, వసారాలోనే పని చేయించుకొనెడివారు. టేకు చట్రము బిగించి, అడుగున నవారు అల్లి, దానిపై ఉక్కు స్ప్రింగులను పురికొసతో కట్టి, గోనెగుడ్డ పఱచి, కొబ్బరిపీచు దట్టించి, పైని దళసరి గుడ్డ కుట్టిరి. మా యక్క పెండ్లిచూపులు దానిపైననే జరిగినవి. మా తండ్రిగారు తమ చివరి దినములలో దానిపై కూర్చుండియే వార్తాపత్రిక చదివెడివారు. 1995లో గుడ్డ చినుగగా, పీచుపై నురుగుపరుపు వేయించి, రెక్సిన్ తొడిగించితిమి.

2023 డిసెంబరులో మేము చిన్న యింటికి మారవలసివచ్చెను. అప్పటికి సోఫా స్ప్రింగులు పైకి పొడుచుకొని వచ్చినవి. రెక్సిన్ పొలుసులుగా ఊడుచుండెను. వెనుకభాగమునందలి నాసిరకపు చెక్కలను చెదలు తినివేసినవి. అన్నిటికి మించి, అతుకులలో నల్లులు చేరినవి. క్రొత్త యింటిలో దానికి చోటు లేదు. ఇక దీనినేమి చేయుట?

మొదట తోచినది భోగిమంట. పండుగ దగ్గరపడుచుండెను. వీధిలోని కుర్రవాండ్రు వచ్చి, "మాస్టరుగారూ! ఈ సోఫాను మాకిండు. మంట మేడయెత్తు లేచును" అని ఉత్సాహముతో అడిగిరి. నేనును ఊ అనబోతిని. ఇంతలో కొన్ని యేండ్ల క్రిందటి సంగతి ఒకటి నాకు జ్ఞప్తికి వచ్చెను. అప్పుడు మా వీధిలో ఎవరో ఒక రెక్సిన్ సోఫాను భోగిమంటలో వేసిరి. చూచుచుండగనే కారునలుపు పొగ లేచి వీధియంతయు కమ్మెను. పిల్లలు దగ్గుచు ఇండ్లలోనికి పరుగెత్తిరి. ఉబ్బసముతో బాధపడు ఒక వృద్ధునకు ఊపిరి అందక, తెల్లవారకమునుపే ఆసుపత్రికి తీసికొనిపోవలసివచ్చెను. ఆయన బ్రదికి బయటపడెను గాని, ఆ పండుగ ఎవ్వరికిని పండుగ కాలేదు.

ఇట్లేల జరిగినది? పూర్వము భోగిమంటలో పిడకలు, ఎండుకట్టెలు, తాటాకులు వేసెడివారు. నేటి సోఫాలలోని నురుగుపరుపు అట్టిది కాదు. అది పాలీయూరితేన్ అను పదార్థము. 1937లో జర్మనీ దేశమునందు ఆటో బేయర్ అను రసాయనశాస్త్రజ్ఞుడును అతని సహచరులును ఆ పదార్థమును తయారుచేయు పద్ధతిని కనుగొనిరి. అది మెత్తనిది, తేలికయైనది. కాని నిప్పంటుకొన్నచో మిక్కిలి వేగముగా మండును. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడును, హైడ్రోజన్ సయనైడు అను విషవాయువును ఉండును. రెక్సిన్‌పై సాధారణముగా పూయబడు పాలీవినైల్ క్లోరైడు కాలినపుడు వెలువడు హైడ్రోజన్ క్లోరైడు కన్నులను, గొంతును మండించును. పాతదానిని విడిచి క్రొత్తదానిని ఆహ్వానించుట భోగి సంప్రదాయము. పొరుగువాని ఊపిరిని హరించుట ఏ సంప్రదాయమును కాదు. కావున కుర్రవాండ్రను ఎండుకట్టెలిచ్చి పంపివేసితిని.

రెండవ ఉపాయమును మా యింటిలోనివారే చెప్పిరి. "రాత్రివేళ బండిపై వేయించి కాలువగట్టున దింపించిన, ఎవరికి తెలియును?" అనిరి. ఎవరికి తెలియకున్నను కాలువకు తెలియును. వాన కురిసినపుడు ఆ సోఫా జారి నీటిలో పడును. తూము దగ్గర అడ్డుపడి, కొట్టుకొనివచ్చు చెత్తనంతయు ఆపును. నీరు ఎగదన్ని పల్లపుటిండ్లలో ప్రవేశించును. ఆ యిండ్లలో నుండువారెవరు? మన యింట సోఫా ఉన్న సంగతియైన ఎరుగని నిరుపేదలు! గట్టుననే నిలిచియున్నను, తడిసిన పరుపు ఎలుకలకును పురుగులకును ఇల్లగును. 2016లో భారత ప్రభుత్వము ప్రకటించిన ఘనవ్యర్థ నిర్వహణ నియమములు చెత్తను వీధులలోను, మురుగుకాలువలలోను, జలాశయములలోను పడవేయుటను, బహిరంగముగా కాల్చుటను నిషేధించినవి. నియమము లేకున్నను, పదిమందికి పాఠము చెప్పినవాడు చీకటిలో చేయదగిన పని కాదది.

మూడవ ఉపాయము నాదే. అది నాకు మిక్కిలి గొప్పదిగా తోచెను. మా పాఠశాలలో చాలకాలము బంట్రోతుగా పనిచేసి విశ్రాంతి గైకొన్న పెద్దమనిషి ఒకడు ఊరి చివర రెండు గదుల యింటిలో నుండెను. "సోఫాను అతనికి ఇచ్చివేసెదను. మనకు బరువు తీరును, అతనికి ఉపకారమగును" అని ఇంటిలో ప్రకటించితిని. ఎనిమిదవ తరగతి చదువు నా మనుమరాలు అచ్చటనే యుండెను. ఆమె నావంక చూచి మెల్లగా ఇట్లడిగెను:

"తాతగారూ! దానిమీద మనము కూర్చుండలేకపోవుచున్నాము గదా! వారెట్లు కూర్చుందురు?"

నేను బదులు చెప్పలేకపోతిని. ఆమె మరల, "మీరిచ్చినచో ఆయన వద్దనలేరు గదా!" అనెను.

ఆ మాట నా మనస్సునకు ములుకువలె తగిలెను. నిజమే. నేనిచ్చినచో అతడు వద్దనడు. "పంతులుగారు ఇచ్చినారు" అని తన డబ్బుతో బండి కట్టించుకొని తీసికొనిపోవును. ఇరుకింటిలో సగము చోటు దానికే పోవును. వారము తిరుగకముందే నల్లులు అతని మంచములోనికి, పిల్లల బొంతలలోనికి ప్రాకును. నాకు వదలిన పీడ అతనికి పట్టును. దానికి నేను దానమని పేరు పెట్టుకొంటిని!

కఠోపనిషత్తులోని నచికేతుని కథ మీరు విని యుందురు. అతని తండ్రి తన సర్వస్వమును దానము చేయవలసిన యజ్ఞము చేయుచు, పాలుడిగి, మేత మేయజాలని ముసలి గోవులను దానమిచ్చుచుండెను. అది చూచిన బాలుడైన నచికేతుని మనస్సు కలతపడెను. ఆ కథను ఎన్ని తరగతులలో చెప్పితినో లెక్కలేదు. అందలి తండ్రిస్థానమున నేనే నిలుచుందునని ఎన్నడును అనుకొనలేదు.

మరునాడు ఉదయముననే నేను ఆ పెద్దమనిషి ఇంటికి పోయితిని. ఈ మారు ఇచ్చుటకు పోలేదు, అడుగుటకు పోయితిని. "మా యింట కొంత మంచి టేకు ఉన్నది. నీకు దానితో ఏదేని అవసరము కలదా?" అంటిని. అతడు కొంతసేపు మొగమాటపడి, "మనుమడు నేలమీద బోర్లపడుకొని వ్రాయుచున్నాడండీ. చిన్న బల్ల యొకటి యున్న బాగుండును" అనెను. అతనికి కావలసినది సోఫా కాదు, బల్ల. అడుగకపోయినచో నాకు తెలియకయే పోయెడిది.

వడ్రంగిని పిలిపించితిని. పెరటిలో, ఎండలో సోఫాను విప్పుట మొదలుపెట్టితిమి. ముక్కునకు గుడ్డ కట్టుకొంటిమి. మొదట పటకారుతో మేకులు తీసి, రెక్సిన్‌ను, నురుగుపరుపును వేరుచేసితిమి. పిదప పీచును, గోనెగుడ్డను తీసితిమి. స్ప్రింగుల కట్లు కోయునపుడు అవి ఒక్కసారిగా ఎగిరి మొగమునకు తగులును. కావున వడ్రంగి ఒక చేతితో అదిమిపట్టి, ఒక్కొక్క కట్టును కోసెను. ఇది పెద్దలు చేయదగిన పని. పిల్లలు దూరమున నుండవలెను.

అంతయు విప్పిన పిమ్మట ఒక వింత కనబడెను. పనికిరాదనుకొన్న సోఫా నాలుగు కుప్పలుగా మారినది. ఆ నాలుగింటిలో మూడు పనికివచ్చునవే! స్ప్రింగులును మేకులును ఆరు కిలోలు తూగినవి. పాత యినుము కొనువాడు వానిని తీసికొనెను. ఉక్కును ఎన్నిమారులు కరిగించినను మరల ఉక్కుగనే వాడుకొనవచ్చును. కొబ్బరిపీచుపై సలసల క్రాగు నీరు పోసి, పొరుగువారి కొబ్బరిచెట్ల మొదళ్లలో వేయించితిమి. అది నేలలో తడిని నిలుపుచు, మెల్లగా కుళ్లి మన్నగును. చెదలు తిన్న చెక్కలను ఏరివేయగా టేకు చట్రము మిగిలెను. టేకు చేవలో సహజముగా నుండు తైలము చెదలను దరిచేరనీయదు. అందుచేత ఏబదియైదేండ్ల తరువాతను ఆ కలప గట్టిగనే యున్నది. దానిని వేడినీటితో కడిగి, కొన్ని దినములు ఎండనిచ్చితిమి.

నాల్గవ కుప్ప నురుగుపరుపు, రెక్సిన్. శుభ్రమైన నురుగుపరుపైనచో దానిని ముక్కలుచేసి, జిగురుతో అదిమి మరల పరుపులుగా చేయుదురు. మాది నల్లులు పట్టినది గనుక ఎవ్వరికిని ఇవ్వదలపలేదు. సంచులలో కట్టి, మూతి బిగించి, లోన ఏమున్నదో చెప్పి పురపాలకసంఘమువారి బండికి అప్పగించితిమి. చెప్పకుండ ఇచ్చినచో దానిని మోయు పారిశుద్ధ్య కార్మికుని ఇంటికి నల్లులు పోవును గదా!

బాలబాలికలారా! పాత సామాను విడుచునపుడు నాలుగు ప్రశ్నలు వేసికొనుడు. బాగుచేసికొని మనమే వాడుకొనవచ్చునా? అట్లు కానిచో, అది ఇతరులకు నిజముగా కావలయునా? వారినే అడిగి తెలిసికొనుడు. వద్దనుటకు వారికి వీలుండునట్లు అడుగుడు. అదియు కానిచో, విప్పినయెడల ఏ భాగము దేనికి పనికివచ్చును? చివరకు మిగిలినదానిని ఎవరికి, ఎట్లు అప్పగించిన ఎవ్వరికిని కీడు కలుగదు? క్రొత్త వస్తువు కొనునపుడు ఐదవ ప్రశ్నయు వేసికొనుడు: ఇది పాతబడిన దినమున దీనిని విప్పి వాడుకొనుటకు వీలుపడునా? చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన చట్రము చూపులకు అందముగానే యుండును. తడి తగిలి ఉబ్బినపిదప మాత్రము దానితో పీటయైనను కాదు.

వడ్రంగి ఆ టేకుతో ఒక వ్రాతబల్లయు, ఒక పీటయు చేసెను. అతని కూలి నేనే ఇచ్చితిని. సంక్రాంతి వెళ్లిన తరువాత నేను ఆ యింటికి పోయినపుడు, పిల్లవాడు ఆ బల్లమీద లెక్కలు చేసికొనుచుండెను. బల్ల అంచున 1968నాటి మేకుల గుర్తులు ఇంకను కనబడుచున్నవి. మా తండ్రిగారు కూర్చుండి చదివిన కలపపై ఇప్పుడు ఒక బాలుడు వ్రాసికొనుచున్నాడు. నా మనుమరాలు ఆ నాడు ఆ ప్రశ్న అడుగకపోయినచో, ఆ యింట నేడు నల్లులు ఉండెడివి. బల్ల ఉండెడిది కాదు.

ప్రశ్నలు

1. సోఫాను భోగిమంటలో వేయుటవలన కలుగు హాని యెట్టిది?
2. "దానికి నేను దానమని పేరు పెట్టుకొంటిని" అని రచయిత ఏల చింతించెను?
3. సోఫాను విప్పగా వచ్చిన నాలుగు కుప్పలు ఏవి? ఒక్కొక్కదానిని ఏమి చేసిరి?
4. మీ యింట మూలబడియున్న ఒక వస్తువును గూర్చి పాఠములోని నాలుగు ప్రశ్నలు వేసికొని, సమాధానములు వ్రాయుడు.