ఎరుగని సరస్సులో గాలపు వేట: స్వల్పకాలంలో ఉపాయ నిర్ణయం

1971వ సంవత్సరం అక్టోబరు మాసంలో అమెరికాలోని అట్లాంటా నగరం నుండి ఒక విమానం బయలుదేరినది. అందులో 24 మంది గాలపు వేటగాండ్రు ఉన్నారు. తాము ఏ సరస్సుకు పోవుచున్నారో వారిలో ఒక్కరికిని తెలియదు. విమానం ఆకాశమార్గాన కొంతదూరం పోయిన పిదపనే గమ్యస్థానం నెవాడా ప్రాంతపు మీడ్ సరస్సు అని నిర్వాహకుడు రే స్కాట్ ప్రకటించెను. మూడు దినముల పోటీ. బహుమానం 10,000 డాలర్లు. అదంతయు ప్రథముడికే, రెండవవానికి చిల్లిగవ్వ లేదు. గాలపు సామగ్రి పది పౌండ్లకు మించరాదని మరొక నిబంధన. ఆ పోటీయే తరువాతి కాలంలో సుప్రసిద్ధమైన ‘బాస్‌మాస్టర్ క్లాసిక్’ పోటీలలో మొదటిది.

సరస్సు మునుపు చూడనిది, కాలం స్వల్పం, చేతనున్న సామగ్రి పరిమితం. ఇట్టి స్థితిలో వివేకవంతుడైన వేటగాడు దేనిని పట్టుకొనును, దేనిని విడిచిపెట్టును అన్నదే ఈ వ్యాసమునకు విషయం.

ముందుగా చేప స్వభావం ఎరుగవలెను. వెడల్పు నోటి బాస్ ఉత్తర అమెరికా మంచినీటి చేప. ఇది వేటను తరుముకొని బహుదూరం పోవు జాతి కాదు. పొంచియుండి మీదపడు జాతి. మునిగిన మ్రాను, నీటిమొక్కల అంచు, రాతి నీడ, లోతు హఠాత్తుగా మారుచోటు దీని మాటులు. కనుక సరస్సు ఎంత విశాలమైనను అందులో అత్యధిక భాగం వేటగానికి నిష్ప్రయోజనమే. మీడ్ సరస్సు నిండుగా ఉన్నపుడు దాదాపు 180 కిలోమీటర్ల పొడవు ఉండును. దానినంతటిని మూడు దినములలో వెదకగలవాడు లేడు. ఒక మూలను ఎన్నుకొని తక్కిన సరస్సు లేదనుకొనుటయే మొదటి నిర్ణయం. చెప్పుటకు సులభమే గాని, ఆచరణలో మనస్సు ఇందుకు ఎంతమాత్రం అంగీకరింపదు. ఆవలి గట్టున చేపలు ఎగురుచున్నట్లే తోచును!

ఏ మూలను ఎన్నుకొనవలెనో ఋతువు చెప్పును. వసంతమున నీటి వేడిమి సుమారు 15 నుండి 20 డిగ్రీల సెంటిగ్రేడు వరకు చేరినపుడు ఇవి గ్రుడ్లు పెట్టుటకు గాలిపోటు తగలని లోతులేని ఏటిపాయలలోనికి వచ్చును. నడివేసవిలో అనేక సరస్సులయందు నీరు పొరలుగా ఏర్పడి అడుగుపొరలో ప్రాణవాయువు తగ్గిపోవును. అప్పుడు మరీ లోతున గాలం వేయుట వృథా. శరత్కాలమున చిన్నచేపల గుంపులు పాయల లోపలికి పోవును, బాస్ వాని వెంటబడును. ఇంతమాత్రం తెలిసినచో తీరం దాటకముందే సరస్సులో మూడింట రెండు వంతులు కొట్టివేయవచ్చును.

తరువాత చేతికి తీసికొనవలసినది పటం. ఆనకట్ట కట్టగా ఏర్పడిన జలాశయంలో పాత నది ఇంకను నీటి అడుగున ఉన్నట్లే భావింపవలెను. నది మలుపు గట్టును తాకుచోటు, నీటిలోనికి చొచ్చుకొనిపోయిన నేలముక్కు, పాయ వచ్చి ప్రధాన ప్రవాహంలో కలియుచోటు అన్నియు లోతురేఖల దగ్గరితనమును బట్టి తెలియును. ఉత్తర కరోలినాకు చెందిన బక్ పెర్రీ నీటి అడుగు నేల స్వరూపమును బట్టి చేపలను వెదకు పద్ధతిని ప్రచారం చేసి ఈ విద్యకు శాస్త్రమర్యాద కలిగించెను. అయితే పటమును గ్రుడ్డిగా నమ్మరాదు. అదే మీడ్ సరస్సులో 2022 జులై నాటికి నీటిమట్టం 1937 తరువాత ఎన్నడును లేనంత క్రిందికి దిగినది. పాత పటంలో లోతైన నీరుగా చూపిన చోట్లు పొడినేలగా బయటపడినవి. ఆనాటి నీటిమట్టం అడిగి తెలిసికొనని వానికి పటం శత్రువగును.

ఇక తీరమునకు చేరిన పిదప నీటి రంగు చూడవలెను. నీరు తేటగా ఉండి ఎండ తీక్షణముగా ఉన్నచో చేప లోతునకో నీడకో పోవును. సన్నని దారం, సహజవర్ణపు ఎర, ఉదయ సాయంకాలములు అనుకూలం. నీరు మురికిగా ఉన్నచో చేప గట్టు చేరువకు వచ్చును; చూపు చాలదు గనుక కదలికను పక్కరేఖతో గ్రహించును. అప్పుడు రేకులు గిర్రున తిరిగి నీటిని కదలించు ఎర మేలు. గాలి వీచుచున్నచో, గాలి తాకు గట్టునే ముందు చూడవలెను. పడవ నిలుపుట కష్టమని చాలమంది దానిని వదలుదురు. నా దృష్టిలో అది పొరపాటు.

ఎరల విషయంలో ఒక క్రమం ఉన్నది. మొదటి గంటలలో వేగముగా లాగదగిన ఎరతో ఎక్కువ నీటిని వెదకవలెను. ఒక చేప తాకిన పిదప మెత్తని ప్లాస్టిక్ వానపాము వంటి మందగమనపు ఎరతో ఆ చోటును శ్రద్ధగా శోధింపవలెను. ఓహియోలో నిక్ క్రీమ్ 1949లో ఇట్టి వానపామును రూపొందించినప్పటినుండి దాని ప్రతిష్ఠ తగ్గలేదు. చేప పట్టుబడినపుడు సంతోషించి ఊరుకొనక, అది ఎంత లోతున, ఏ వస్తువు పక్కన, నీడలోనా ఎండలోనా, ఎర ఏ వేగమున పోవుచుండగా కరచెనో గుర్తింపవలెను. రెండవ చేప కూడ అట్టి స్థితిలోనే దొరికినచో పటం తీసి అట్టి చోట్లు మరెక్కడ ఉన్నవో చూడవచ్చును. చోటు ఖాళీ అగును గాని స్థితి మరొకచోట మరల లభించును.

కాలమును ఎక్కువగా హరించునది ఎరల పెట్టె. చేప లేని నీటిలో పది ఎరలు మార్చుటకంటె, ఒకే ఎరతో పది చోట్లు చూచుట లాభం. అర్ధగంటలో ఫలితం లేకున్నచో కదలవలెనని ముందే నిశ్చయించుకొనుట మంచిది. అక్కడ నిలిచిన పిదప ఆ నిర్ణయం ఆశకు లోబడిపోవును. పది పౌండ్ల నిబంధన ఆనాడు శిక్షవలె తోచి ఉండవచ్చును గాని, దానివలన ఎన్నుకొను పని విమానం ఎక్కకముందే ముగిసినది. ఆ మూడు దినములలో ఆర్కాన్సా వాస్తవ్యుడు బాబీ ముర్రే 43 పౌండ్ల 11 ఔన్సుల తూకం చూపి ఆ 10,000 డాలర్లు గెలుచుకొనెను.

మన చెరువులలో బాస్ లేదు, ఉండరాదు కూడ. జపాను 1925లో దీనిని తెచ్చుకొని, స్థానిక జాతులకు హాని కలుగగా తుదకు నిషేధించవలసి వచ్చినది. మనకు కొరమీను ఉన్నది. అదియు నీటిమొక్కలలో పొంచియుండి వేటాడునదే గనుక పై విచారణ చాలవరకు దానికిని వర్తించును. మద్రాసు సివిల్ సర్వీసుకు చెందిన హెన్రీ సల్లివన్ థామస్ 1887లోనే మన దేశపు చెరువుల గాలపు వేటను గూర్చి ప్రత్యేకముగా ఒక గ్రంథం వ్రాసియున్నాడు. కొరమీను గాలి పీల్చుటకు పైకి రాక తప్పదు. కావున కొత్త చెరువు గట్టున పటం లేనివాడు కొంతసేపు ఊరక కూర్చుండి నీటిని చూచిన చాలును. ఒక్క జాగ్రత్త. ఎర్రని చిరుపిల్లల గుంపు నీటిపై కదలుచున్నచో వాని క్రింద తల్లిదండ్రులు కావలి ఉండును. అక్కడ గాలం వేసినచో చేప తప్పక కరచును, కాని ఆ పిల్లలు దిక్కులేనివగును. గూటిపై కావలియున్న మగ బాస్‌ను పట్టినను అంతే. కొద్ది నిమిషములలోనే చిన్నచేపలు చేరి గ్రుడ్లను తినివేయును.