ఇసుక మనది, అయస్కాంతం ఎవరిది?



ఒడిశాలో ఛత్రపురం, తమిళనాడులో మణవాళకురిచి సముద్రతీరాల్లో నల్లని ఇసుక కనిపిస్తుంది. అందులో కొద్దిపాళ్లలో మోనజైట్ అనే ఖనిజం ఉంటుంది. దాని నుంచి లభించేవే రేర్ ఎర్త్ మూలకాలు. లాంథనైడ్లు 15, స్కాండియం, యిట్రియంలతో కలిపి ఇవి మొత్తం 17. పేరుకు అరుదైనవే గాని భూమిలో మరీ తక్కువేమీ కావు. ఒకేచోట కుప్పగా దొరకవు, అంతే.

వీటిలో నియోడిమియంతో చేసే అయస్కాంతం చిన్నదైనా చాలా శక్తివంతమైనది. విద్యుత్ వాహనాల మోటార్లకు, గాలిమరలకు, కంప్యూటర్ హార్డ్ డిస్కులకు అది కావాలి. 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు మూలకాల ఎగుమతికీ, వాటితో చేసిన అయస్కాంతాలకూ లైసెన్సు తప్పనిసరి చేయగా మన వాహన కర్మాగారాలు ఇబ్బంది పడ్డాయి.

మన దగ్గర ఖనిజం లేకనా? కాదు. అణుశక్తి శాఖ అంచనా ప్రకారం దేశంలో కోటీ 31 లక్షల టన్నులకు పైగా మోనజైట్ ఉంది. రాష్ట్రాలన్నిటిలో ఆంధ్రప్రదేశ్‌లోనే అది ఎక్కువ. గాదె నిండా ధాన్యం ఉన్నా ఊళ్లో మిల్లు లేకపోతే బియ్యం కొనుక్కోవలసిందే కదా! మన పరిస్థితి అదే.

ఇందులో నాలుగు మెట్లున్నాయి.
1. ఇసుక నుంచి మోనజైట్ వేరుచేయడం.
2. మోనజైట్ నుంచి ఒక్కొక్క మూలకపు ఆక్సైడును విడదీయడం. రసాయన గుణాలు దాదాపు ఒకటే కావడంతో ఈ పని ఎన్నో దఫాలుగా సాగుతుంది.
3. ఆక్సైడును లోహంగా మార్చడం.
4. లోహంతో అయస్కాంతం చేయడం.

1950లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ ఐ.ఆర్.ఇ.ఎల్. మొదటి రెండు మెట్ల పని చేస్తోంది. చివరి రెంటిలో మనం వెనుకబడ్డాం. ప్రపంచంలో శుద్ధిచేసే పని సుమారు 90 శాతం చైనాలోనే జరుగుతోంది.

బ్యాంకులో పనిచేసిన రోజుల్లో ఒక సంగతి గమనించాను. సరుకంతా ఒకే వ్యాపారి దగ్గర తెచ్చుకునే దుకాణానికి అప్పు ఇవ్వాలంటే మేనేజరు రెండుసార్లు ఆలోచించేవారు. చౌక ధర ఒక్కటే లెక్క కాదు. 2010లో చైనా సరఫరా తగ్గి ఇక్కట్లపాలైన జపాన్, మరుసటి ఏడాదే ఆస్ట్రేలియా సంస్థ లైనస్‌లో పెట్టుబడి పెట్టింది. అప్పట్లో సుమారు 90 శాతం ఉన్న ఆధారం ఆ తరువాత 60 శాతం దరిదాపులకు దిగింది.

మన ప్రభుత్వం 2025 నవంబరులో 7,280 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. ఏటా 6,000 టన్నుల అయస్కాంతాల తయారీ సామర్థ్యం దాని లక్ష్యం. అయితే రెండు విషయాలు మరువరాదు. మోనజైట్‌లో రేడియోధార్మిక థోరియం ఉంటుంది గనుక తీరవాసుల క్షేమం ముఖ్యం. ఇక డిస్ప్రోసియం వంటి బరువైన మూలకాలు మన ఇసుకలో తీయదగినంత లేవు. వాటికోసం మిత్రదేశాలతో ఒప్పందాలు, పాత యంత్రాల నుంచి తిరిగి రాబట్టుకోవడం తప్పవు.

పథకాలకు డబ్బు బడ్జెట్ నుంచి వస్తుంది, నిపుణులు మాత్రం మన ఇళ్ల నుంచే రావాలి. తల్లిదండ్రులకు నా మనవి: మీ పిల్లలు కెమిస్ట్రీగాని, మెటలర్జీగాని చదువుతామంటే "కంప్యూటర్లు కాదా?" అని నిరుత్సాహపరచకండి.

అభ్యాసం: పై నాలుగు మెట్లను చూడకుండా రాయండి. మీ ఊరి పాత ఇనుము దుకాణంలో పాడైన హార్డ్ డిస్కులు ఏమవుతున్నాయో అడిగి తెలుసుకోండి.